మూత ఎందుకు పడట్లేదో ముందు చూడండి

ఖమ్మం నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం మూడు పేజీలుంది. పేరు వెయ్యొద్దన్నారు. అందుకని సారాంశం చెప్పి, సమాధానంలోకి వెళ్తాను.

ఆవిడకు ముప్పై ఎనిమిదేళ్లు. ఎమ్మెస్సీ మ్యాథ్స్ చదివారు. లాక్‌డౌన్ రోజుల నుంచి ఇంట్లోనే కూర్చుని సాయంత్రం ఐదున్నర నుంచి ఎనిమిది దాకా హైస్కూలు పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెబుతున్నారు. ఇప్పుడు పదకొండు మంది పిల్లలున్నారు, నెలకు తొమ్మిది వేలు వస్తాయి. పాఠం చెప్పే ల్యాప్‌టాప్ 2019 చివర్లో వాళ్లన్నయ్య డాలస్ నుంచి వచ్చినప్పుడు తెచ్చి ఇచ్చినది. ఇంటెల్ ఐ5 ఎనిమిదో జనరేషన్ ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, పాత రకం హార్డ్ డిస్క్.

దసరా వెళ్లిన దగ్గర్నుంచి అది ఏడిపిస్తోంది. బ్యాటరీ 38 శాతం అని చూపిస్తూనే టప్పున ఆరిపోతుంది. కరెంటు పోతే ఇన్వర్టర్ అందుకునేలోపే స్క్రీన్ నల్లబడుతుంది, పిల్లలందరూ క్లాసులోంచి బయటపడతారు. ఒక్కోసారి చార్జర్ పెట్టి ఉన్నా ‘ప్లగ్డ్ ఇన్, నాట్ చార్జింగ్’ అని వస్తుంది. అసలు చార్జర్ తీగ వేసవిలో ఎలుక కొరికేస్తే, బజార్లో వేరేది కొన్నారట, ఈ మాట అప్పటి నుంచే వస్తోందట. టెన్త్ చదివే శిష్యుడొకడు ఏదో కమాండ్ కొట్టించి బ్యాటరీ రిపోర్టు తీయించాడు. అందులో డిజైన్ కెపాసిటీ 41,040 మిల్లీవాట్ అవర్లు అనీ, ఫుల్ చార్జ్ కెపాసిటీ 14,364 అనీ, సైకిల్ కౌంట్ (నిండు చార్జ్ ఎన్నిసార్లు వాడారన్న లెక్క) 212 అనీ ఉంది.

ఇక సలహాలు. మొదటి షాపతను మదర్‌బోర్డు మీద చార్జింగ్ ఐసీ (చార్జింగ్ చూసుకునే చిప్) పోయింది, 6,500 అవుతుందన్నాడు. రెండో షాపతను బ్యాటరీయే పోయింది, ‘కంపెనీదే’ 1,600కి వేస్తానన్నాడు. కంపెనీ సర్వీస్ సెంటర్ వాళ్లు 5,200 చెప్పి పది రోజులు ఆగమన్నారు. అన్నయ్య సంక్రాంతికి వస్తూ అక్కడి నుంచే బ్యాటరీ తెస్తానన్నాడు. వాళ్లాయనేమో, “ఆరేళ్ల పాత సరుకు మీద డబ్బులు పొయ్యడం ఎందుకు, 45 వేలు పెట్టి కొత్తది ఈఎమ్ఐలో తీసుకుందాం, మీ అన్నయ్య తెచ్చాడనేగా దాన్ని వదలవు” అన్నారట. ఆ మాట గుచ్చుకుంది. “అన్నయ్య ఇచ్చిన వస్తువును నేనే పాడుచేశానా? ఎక్కువ వాడకూడదని ఎప్పుడూ చార్జింగ్‌లోనే ఉంచి జాగ్రత్తగా చూసుకున్నాను. ఎవరి మాట వినాలి?” అని అడిగారు.

ఉత్తరం మడత పెట్టబోతుంటే కింద తా.క. కనిపించింది: “ఈ మధ్య టచ్‌ప్యాడ్ నొక్కితే దిగడం లేదు, గట్టిగా ఉంటోంది. మూత కూడా పూర్తిగా పడట్లేదు, పక్కన చిన్న సందు ఉంటోంది. అది వేరే రిపేరేమో, తర్వాత చూసుకుంటాను.”

అమ్మా, అది వేరే రిపేరు కాదు. మూడు పేజీల ఉత్తరంలో అసలు సంగతి ఆ రెండు లైన్లలోనే ఉంది. మీ ల్యాప్‌టాప్‌లో బ్యాటరీ ఉబ్బినట్టుంది. ఎవరి మాట వినాలన్నది రేపైనా తేల్చుకోవచ్చు. ఇది చదవగానే ముందు ల్యాప్‌టాప్ షట్ డౌన్ చేసి చార్జర్ పిన్ను తీసెయ్యండి. స్లీప్‌లో పెడితే చాలదు, షట్ డౌనే చెయ్యాలి. మళ్లీ చార్జింగ్ పెట్టకండి.

నమ్మకం కుదరకపోతే ఒక పరీక్ష ఉంది. ఖమ్మంలో గ్రానైట్‌కు కొరత లేదు కదా, మీ వంటింటి గట్టు తుడిచి, ఆరనిచ్చి, ల్యాప్‌టాప్‌ను దాని మీద పెట్టండి. ఒక్కో మూలా వేలితో మెల్లగా తాకి చూడండి. మామూలుగా నాలుగు రబ్బరు కాళ్లూ బండకు ఆనుకుని కదలకుండా ఉంటుంది. అడుగున ఉబ్బు ఉంటే కుంటి పీటలాగా అటూ ఇటూ ఊగుతుంది. తర్వాత కళ్లు గట్టు ఎత్తుకు దించి పక్క నుంచి చూడండి. టచ్‌ప్యాడ్ ఉన్న చోట పై పలక పొంగిందేమో, అడుగు అట్ట అతుకు దగ్గర విచ్చుకుందేమో తెలిసిపోతుంది. ఊగినా, పొంగినా, రెండింటిలో ఏది కనిపించినా అనుమానం తీరినట్టే. మూతను మాత్రం బలవంతంగా నొక్కి మూయకండి. ఎలా తెరుచుకుని ఉందో అలాగే ఉంచండి.

లోపల జరిగేదేమిటంటే, మీ బ్యాటరీలో మూడు పలచటి సెల్స్ ఉంటాయి, మెత్తటి అల్యూమినియం సంచిలో సీలు వేసినట్టు. పాతబడినకొద్దీ, వేడికి, లోపలి ద్రవం విరిగి గ్యాసు తయారవుతుంది. పోవడానికి దారి లేక సంచి ఉబ్బుతుంది. ఉబ్బిన సంచి టచ్‌ప్యాడ్‌ను కింది నుంచి నెడుతుంది, అందుకే అది దిగడం లేదు. ఉబ్బిన ప్రతి బ్యాటరీ పేలుతుందని చెప్పి మిమ్మల్ని భయపెట్టను. చాలావరకు అలా ఉబ్బి ఊరుకుంటాయి. కానీ దాన్ని చార్జ్ చేస్తూ, నొక్కుతూ, దిండు మీద పెట్టి వాడుతూ ఉంటే లోపలి పొరలు ఒకదానికొకటి తగిలి నిప్పు పుట్టవచ్చు. అలా పుట్టిన నిప్పు మామూలు మంటలా లొంగదు. నా సొంత ల్యాప్‌టాప్‌లోనూ ఒకసారి ఇలాగే టచ్‌ప్యాడ్ బిగుసుకుంటే, దుమ్ము పట్టిందనుకుని నెల రోజులు బొటనవేలితో గట్టిగా నొక్కుతూ వాడాను. విప్పి చూస్తే లోపల పూరీలా ఉంది బ్యాటరీ. ఆ నెల రోజులూ దాన్ని ఒళ్లో పెట్టుకుని పనిచేశానని తలుచుకుంటే ఇప్పటికీ చెమటలు పడతాయి.

కాబట్టి ఇవాళ చెయ్యాల్సింది ఇంతే. ల్యాప్‌టాప్‌ను పరుపు, కర్టెన్లు, పుస్తకాల అలమర లేని చోట నేల మీద పెట్టండి. రేపు పొద్దున్నే దగ్గర్లోని షాపుకు తీసుకెళ్లి, “కొత్తది తర్వాత చూద్దాం, ముందు పాత బ్యాటరీ బయటికి తీసి ఇవ్వండి” అనండి. తెలిసినవాడికి పావుగంట పని. అడుగు అట్ట విప్పుతాడు, బ్యాటరీ కనెక్టర్ ఊడదీస్తాడు, నాలుగైదు స్క్రూలు తీసి ఎత్తేస్తాడు. స్క్రూడ్రైవర్ మొన పెట్టి పెకలించబోతే మాత్రం వెంటనే ఆపండి. గ్యాసు పోతుందని సూదితో బెజ్జం పెట్టేవాళ్లు కూడా కొందరున్నారు. ఆ మాట వినపడితే ల్యాప్‌టాప్ తీసుకుని లేచి వచ్చెయ్యండి. ఈలోపు ఎప్పుడైనా పొగ గానీ, ఘాటైన తియ్యటి వాసన గానీ వస్తే చేత్తో పట్టుకుని బయటికి పరిగెత్తొద్దు. అందరూ బయటికి వచ్చేసి 101కి ఫోన్ చెయ్యండి.

బయటికి తీసిన బ్యాటరీని చెత్త బుట్టలో వెయ్యొద్దు, పాత ఇనుప సామాన్ల బండికి అంతకన్నా ఇవ్వొద్దు. బండి అడుగున పడి నలిగితే పాపం అతనికి ప్రమాదం. ఇసుక పోసిన పాత డాల్డా డబ్బాలో పెట్టి ఆరుబయట, వాన తగలని చోట ఉంచి, కొత్త బ్యాటరీ కొన్నచోటే అప్పగించండి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన బ్యాటరీలను వెనక్కి తీసుకుని రీసైక్లింగ్‌కు పంపే బాధ్యత తయారీదారులదే. సర్వీస్ సెంటర్‌లో అడగడానికి మొహమాటపడక్కర్లేదు.

ఇక మీరు అడిగినవాటికి వస్తాను.

ముందుగా, మీరు పాడు చేశారా? లేదు. కానీ మీరు జాగ్రత్త అనుకున్నదే దానికి పడలేదు. రిపోర్టులో అంకెలు చూడండి. 14,364ను 41,040తో భాగిస్తే 35 శాతం. లెక్కల టీచర్‌కు నేను చెప్పేదేముంది! అంటే కొత్తలో పట్టిన చార్జ్‌లో మూడో వంతే ఇప్పుడు పడుతోంది. సైకిళ్లు మాత్రం 212. ల్యాప్‌టాప్ బ్యాటరీలు మామూలుగా 300 నుంచి 500 సైకిళ్ల దాకా బాగానే నడవాలి. మరి 212కే ఎందుకిలా అయిందంటే, దీని వయసు సైకిళ్లలోనే కాదు, కాలంలోనూ, వేడిలోనూ లెక్క. లిథియం బ్యాటరీని ఎప్పుడూ నూరు శాతం నిండుగా ఉంచితే అది విశ్రాంతి కాదు, ఒత్తిడి. దానికి తోడు మే నెలలో 44 డిగ్రీలు చూసే ఊరు మీది, పైగా ల్యాప్‌టాప్‌ను మంచం మీద దిండు పెట్టి వాడతానని రాశారు. అడుగున గాలి ఆడే రంధ్రాలు దూదితో మూసుకుపోతాయి. అరగదని దాచుకున్న పట్టుచీర మడతల దగ్గర చిరిగినట్టే, దీనికీ అలా జరిగింది.

ఇంకో మాట. మీ అన్నయ్య దీన్ని తెచ్చిన 2019లోనే లిథియం అయాన్ బ్యాటరీకి పునాది వేసినందుకు గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినో అనే ముగ్గురికి కెమిస్ట్రీలో నోబెల్ ఇచ్చారు. గుడినఫ్‌గారికి అప్పటికి 97 ఏళ్లు. ఆయనకున్న ఆయుష్షు ఆయన బ్యాటరీకి లేదు. ఇన్వర్టర్ బ్యాటరీ నాలుగైదేళ్లకు మారుస్తూనే ఉంటాం, అప్పుడు ఇన్వర్టర్ పాడైపోయిందని ఎవరమూ అనం కదా. ఇదీ అంతే. ఆరేళ్లు వచ్చిందంటే బాగానే వచ్చినట్టు.

38 శాతం దగ్గర ఆరిపోవడం గురించి. మూడు సెల్స్ ఒకదాని వెనక ఒకటి వరుసగా కలిపి ఉంటాయి. మూడూ ఒకేలా ముసలివి కావు. ఒకటి ముందే నీరసపడుతుంది. కెమెరా, వీడియో, బోర్డు అన్నీ ఒకేసారి నడుస్తుంటే కరెంటు గట్టిగా లాగుతుంది, నీరసపడ్డ సెల్ వోల్టేజి ఒక్కసారిగా కిందికి జారుతుంది. బ్యాటరీలోనే ఉండే చిన్న కాపలా సర్క్యూట్ అది చూసి మొత్తం కట్ చేసేస్తుంది. మిగతా రెండింట్లో చార్జ్ ఉన్నా లాభం లేదు. మీకు కనిపించే 38 అనేది కొలత కాదు, పాత లెక్కల మీద వేసిన అంచనా. కరెంటు పోగానే ఆరిపోవడానికీ కారణం ఇదే.

మరి మదర్‌బోర్డు పోయిందన్న మాట? ఇక్కడే మీ దగ్గర రెండు జబ్బులు కలిసిపోయాయి. ‘నాట్ చార్జింగ్’ అన్న మాట వేసవిలో చార్జర్ మార్చాక మొదలైందని మీరే రాశారు. పాత చార్జర్ పెట్టె మీద 19.5 వోల్టులు, 3.33 ఆంపియర్లు అనీ, కొత్తదాని మీద 19 వోల్టులు, 2.37 ఆంపియర్లు అనీ ఉన్నట్టు కూడా రాశారు. గుణించండి. పాతది 65 వాట్లు, కొత్తది 45. క్లాసు నడిచేటప్పుడు వచ్చే 45 వాట్లలో ఎక్కువ భాగం ల్యాప్‌టాపే తినేస్తుంది, ఇక బ్యాటరీకి ఏం మిగులుతుంది? ఇంకో తిరకాసు కూడా ఉంది. కొన్ని కంపెనీల చార్జర్ పిన్నులో మధ్యన సన్నటి సూదిలాంటిది ఉంటుంది. ‘నేను ఫలానా వాట్ల చార్జర్‌ను’ అని ల్యాప్‌టాప్‌కు చెప్పేది అదే. బజారు చార్జర్లలో ఆ సూది ఉన్నా ఆ కబురు అందకపోవచ్చు. అప్పుడు ల్యాప్‌టాప్ నడుస్తుంది గానీ బ్యాటరీని మాత్రం చార్జ్ చెయ్యదు. దానికి తోడు ఉబ్బిన బ్యాటరీ తనంతట తానే చార్జింగ్ వద్దనవచ్చు. ఇన్ని కారణాలు కళ్ల ముందుండగా ఐసీ పోయిందని 6,500 అడగడం తొందరపాటు. మోసమని అనను. ఎదురుగా మంచి బ్యాటరీ, సరైన చార్జర్ పెట్టి చూడకుండా ఎవరూ ఆ మాట చెప్పలేరని మాత్రం అంటాను.

పరీక్ష ఇలా చేయించండి. పాత బ్యాటరీ తీసేశాక, అదే షాపులో 65 వాట్ల సరైన చార్జర్ పెట్టి ల్యాప్‌టాప్ ఆన్ చేయమనండి. గంటసేపు మామూలుగా నడిస్తే బోర్డు చాలావరకు క్షేమం. ఆన్ అవుతుండగానే బయోస్‌లోకి (విండోస్ రాకముందే తెరుచుకునే సెట్టింగ్స్ తెరలోకి) వెళ్తే కొన్ని మోడళ్లలో చార్జర్ ఎన్ని వాట్లదో అక్కడే చూపిస్తుంది, గుర్తుపట్టకపోతే అన్‌నోన్ అంటుంది. కొత్త బ్యాటరీ వేశాక కూడా చార్జ్ కాకపోతే, అప్పుడు ఐసీ సంగతి మాట్లాడుకోవచ్చు. చార్జర్ మాత్రం ఎలాగూ మార్చాలి. ఏ దారిలో వెళ్లినా ఈ ఖర్చు మీకు తప్పదు, ఇది కలిపే లెక్క వేసుకోండి. కొనేటప్పుడు వోల్టులు పాతదాని అంకెకే సరిపోవాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు.

ఇప్పుడు దారులు. మీకు నాలుగున్నాయి.

సర్వీస్ సెంటర్‌లో 5,200 పెట్టి వేయించుకోవడం ఒకటి. ఖరీదు ఎక్కువే, పది రోజులు ఆగాలి. కానీ మీ మోడల్‌కు తయారైన పార్టే వస్తుంది, బిల్లు వస్తుంది, పాతదాన్ని వాళ్లకే ఇచ్చెయ్యొచ్చు. ఎస్టిమేట్ మీద పార్ట్ నంబరు, వారంటీ ఎన్ని నెలలన్నది రాయించుకోండి. నోటిమాట వద్దు. అమెరికాలో కొన్న ల్యాప్‌టాప్ అని వాళ్లు కాస్త నసగవచ్చు. మీరు అడుగుతున్నది ఫ్రీ సర్వీస్ కాదు, డబ్బిచ్చి పార్ట్ కొంటున్నారు. ఆ ముక్క చెప్పండి.

రెండోది 1,600 బ్యాటరీ. ఆ ధరకు అది ‘కంపెనీది’ అయ్యే అవకాశం లేదని నా గట్టి అభిప్రాయం. అలాగని బయటి తయారీ బ్యాటరీలన్నీ చెత్త అనను. మంచివీ ఉన్నాయి, ఏడాది, ఏడాదిన్నర నడిచేవి, బడ్జెట్ లేనప్పుడు పనికొచ్చేవి. కొనే ముందు చేతిలోకి తీసుకుని స్టిక్కర్ చదవండి. పార్ట్ నంబరు మీ పాతదానితో కలవాలి. మీ మూడు సెల్స్ బ్యాటరీ మీద వోల్టులు 11.4 ఉన్నచోట 11.55 ఉన్నా నడుస్తుంది గానీ, 7.6 అనో 15.2 అనో ఉంటే అది మీది కాదు. వాట్ అవర్ అంకె 41కి దగ్గర్లో ఉండాలి, మీ రిపోర్టులోని 41,040 మిల్లీవాట్ అవర్లంటే అదే. అదే సైజులో 60 అని రాసుంటే అబద్ధమని అర్థం. బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు, దాని కింద ఆర్ అక్షరంతో మొదలయ్యే ఎనిమిది అంకెల నంబరు ఉండాలి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ అనే ప్రభుత్వ యాప్ వేసుకుని ఆ నంబరు కొడితే ఏ తయారీదారుకు ఇచ్చారో చూపిస్తుంది. షాపులోనే నిలబడి కొట్టండి, ఏమీ అనుకోరు, అనుకున్నా ఫరవాలేదు. బిగించాక డబ్బులిచ్చే ముందు, శిష్యుడు చూపించిన ఆ కమాండే మళ్లీ కొట్టి రిపోర్టు తీయండి. ఫుల్ చార్జ్ కెపాసిటీ డిజైన్ అంకెకు దగ్గరగా, సైకిళ్లు సున్నా గానీ రెండో మూడో గానీ ఉండాలి. నూట యాభై సైకిళ్లు కనిపిస్తే ఎక్కడో తీసి ఇక్కడ వేశారన్నమాట. చవక బ్యాటరీల్లో ఈ అంకెలు కూడా కల్పించి పెట్టేవాళ్లున్నారు కాబట్టి, రిపోర్టుతో పాటు చార్జర్ తీసి ఒక గంట వీడియో నడిపించి చూడటం మేలు.

ఖమ్మంలో దొరక్కపోతే సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో సీటీసీ అని అందరూ పిలిచే చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. పొద్దున రైలెక్కితే సాయంత్రానికి పని చూసుకుని రావచ్చు. అక్కడా స్టిక్కర్ చదవడం మాత్రం తప్పదు. కొరియర్‌లో తెప్పించుకుంటే, వచ్చిన బ్యాటరీలో ముప్పై శాతం లోపే చార్జ్ ఉందని కంగారు పడకండి. విడి లిథియం బ్యాటరీలను విమానంలో సరుకుగా పంపాలంటే అంతకు మించి చార్జ్ ఉండకూడదని 2016 నుంచి అంతర్జాతీయ నియమం. అలాగే, ‘మొదటిసారి ఎనిమిది గంటలు చార్జింగ్ పెట్టాలమ్మా’ అనే సలహా వింటారు. అది పాత నికెల్ బ్యాటరీల కాలం నాటి మాట, వదిలెయ్యండి.

మూడోది అన్నయ్య తెచ్చే బ్యాటరీ. తేవచ్చు. నూరు వాట్ అవర్ల లోపు విడి బ్యాటరీని విమానంలో చేతి సంచిలో పెట్టుకోవచ్చు, చెక్ ఇన్ లగేజీలో మాత్రం వెయ్యకూడదు. మీది 41 కాబట్టి ఇబ్బంది లేదు. డబ్బాలోనే ఉంచి, కనెక్టర్‌కు ఏదీ తగలకుండా తెమ్మనండి. చిక్కు ఎక్కడంటే, అది మూణ్ణెల్లకే మొరాయిస్తే ఖమ్మంలో కూర్చుని డాలస్ షాపు మీద వారంటీ అడగలేరు. పైగా సంక్రాంతి దాకా ఆగాలి.

ఆ ఆగడం సాధ్యమే, అది కూడా చెబుతాను. చాలా ల్యాప్‌టాప్‌లు బ్యాటరీ తీసేసినా చార్జర్ మీద నడుస్తాయి. కొన్ని కాస్త మందగిస్తాయి, కొన్ని ప్రతిసారీ తేదీ అడుగుతాయి, ఏవో కొన్ని అసలు ఆన్ కావు. మీది ఏ రకమో బ్యాటరీ తీసిన పావుగంటలో తేలిపోతుంది. నడిచే రకమైతే కరెంటు పోయినప్పుడే ఇబ్బంది. దానికి మీ ఇన్వర్టర్ వెనక్కి వెళ్లి చూడండి. చాలా ఇన్వర్టర్లకు అక్కడ ఒక చిన్న స్విచ్ ఉంటుంది, ఒకవైపు నార్మల్ అనో ఎకో అనో, ఇంకోవైపు యూపీఎస్ అనో రాసి ఉంటుంది. ఫ్యాన్లూ లైట్లకే కదా అని మెకానిక్ దాన్ని నార్మల్‌లో వదిలేసి పోతాడు. యూపీఎస్ వైపు తిప్పితే కరెంటు మారే వ్యవధి బాగా తగ్గుతుంది, ల్యాప్‌టాప్ ఆరకుండా దాటిపోయే అవకాశం ఎక్కువ. క్లాసు లేనప్పుడు మెయిన్ స్విచ్ ఆపి ఒకసారి ప్రయోగం చేసి చూసుకోండి. వైఫై రౌటర్ కూడా ఇన్వర్టర్ లైన్ మీదే ఉందో లేదో చూడండి, లేకపోతే ఇంత చేసినా పిల్లలు మాయమవుతారు.

నాలుగోది మీవారు చెప్పిన దారి. ఆయన మాట తీరు బాగాలేదు గానీ ప్రశ్న తప్పు కాదు. ఆరేళ్ల మెషీన్ మీద డబ్బు పెట్టాలా అని ఎవరైనా అడగాల్సిందే. జవాబు బ్యాటరీలో లేదు, మిగతా మెషీన్‌లో ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్టు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. విండోస్ 11కు ఇంటెల్‌లో దాదాపుగా ఎనిమిదో జనరేషనూ ఆ పైవే పనికొస్తాయి. మీది సరిగ్గా ఆ గీత మీద, ఇవతలి వైపే ఉంది. ఏడో జనరేషన్ అయి ఉంటే నేను మీవారి పక్షానే మాట్లాడేవాణ్ని. కీబోర్డు, స్క్రీన్, మడత బందులు బాగున్నాయన్నారు. మిమ్మల్ని ఆన్ చేయగానే పది నిమిషాలు కూర్చోబెట్టేది ఆ పాత హార్డ్ డిస్క్. అడుగు అట్ట ఎలాగూ విప్పుతారు కాబట్టి అప్పుడే దాని బదులు ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగమైన డిస్క్) కూడా వేయించుకుంటే అది వేరే మెషీన్‌లా ఉంటుంది. దానికి ముందు మీ ప్రశ్నపత్రాలన్నీ ఒక పెన్‌డ్రైవ్‌లో దాచుకోండి. ఇది ఎలాగైనా చెయ్యాల్సిన పనే.

డబ్బు లెక్క మీరే వెయ్యండి. 45 వేలు పన్నెండు నెలలకు వడ్డీ లేకుండా చూసుకున్నా నెలకు 3,750, మీ తొమ్మిది వేలలో నలభై శాతం పైన. 5,200 బ్యాటరీ మూడేళ్లు నడిచిందనుకుంటే నెలకు 145 రూపాయల లోపు. చార్జరూ ఎస్ఎస్‌డీ కలిపినా ఆ రెంటి మధ్య దూరం చాలానే ఉంటుంది. ఒకవేళ స్క్రీన్ మీద గీతలు వస్తున్నాయనో, బోర్డు నిజంగానే పోయిందనో తేలితే ఈ లెక్క తిరగబడుతుంది, అప్పుడు కొత్తదే మేలు. మీవారికి ఈ కాగితం చూపించండి. అన్నయ్య ప్రస్తావన లేకుండా అంకెలు మాత్రమే పెట్టి మాట్లాడితే ఆయనా వింటారని నా నమ్మకం. ఆయన చిరాకంతా ల్యాప్‌టాప్ మీద కాకపోవచ్చు, ఆ సంగతి మీకే బాగా తెలుస్తుంది.

నన్ను అడిగితే? బ్యాటరీ లేకుండా మీ ల్యాప్‌టాప్ నడిస్తే సర్వీస్ సెంటర్‌కు ఆర్డర్ ఇచ్చి, ఆ పది రోజులూ ఇన్వర్టర్ మీద లాగిస్తాను. నడవకపోతే, పిల్లల పరీక్షలు దగ్గరపడుతుంటే, స్టిక్కర్ సరిగ్గా ఉన్న బయటి బ్యాటరీ వేసుకుని గట్టెక్కుతాను. ఆ పది రోజులకు ఎవరిదైనా ల్యాప్‌టాప్ అరువు దొరికినా సరే, ఫోన్‌లోనే క్లాసు నడిపినా సరే, అదీ ఒక దారే.

కొత్త బ్యాటరీ వచ్చాక రెండే మార్పులు. మంచం మీద నుంచి బల్ల మీదికి మారండి. రెండు, చార్జ్ 80 శాతం దగ్గర ఆగేలా పెట్టుకోండి. ఆ వీలు చాలా కంపెనీల సొంత యాప్‌లో గానీ బయోస్‌లో గానీ ఉంటుంది. పెట్టాక 80 దగ్గర ‘నాట్ చార్జింగ్’ అని వస్తే మళ్లీ షాపుకు పరిగెత్తకండి, మీరు చెప్పినట్టే ఆగిందన్నమాట. నెలకోసారి చార్జర్ తీసేసి ఇరవై శాతం దాకా వాడుకోండి.

అన్నయ్యకు ఇవాళే చెప్పండి, పాడైందని కాదు, బ్యాటరీ మార్చే వయసు వచ్చిందని. ఆయన దగ్గరా అదే ఏడాది కొన్న ల్యాప్‌టాప్ ఉండే ఉంటుంది, ఒకసారి గట్టు మీద పెట్టి చూసుకోమనండి. తెస్తానని పట్టుబడితే, షాపతను పాత బ్యాటరీ బయటికి తీసినప్పుడు దాని స్టిక్కర్‌కు ఫొటో తీసి పంపండి. ఉబ్బినదాని మీద స్టిక్కర్ వంగి మెరుస్తుంది, అక్షరాలు కనపడవు. ఫ్లాష్ ఆపేసి, కిటికీ వెలుగులో, పక్క నుంచి తీయండి.